వాల్యూమ్ మీద చెయ్యి

హైమవతి గారూ,
మీ మొదటి రికార్డు అట్ట మీద మీరు
హాల్ టికెట్ ఫొటోలో పిల్లలా ఉంటారు.
ఒక జడ ముందుకి,
రెండోది ఫొటోగ్రాఫరు మర్చిపోయాడు.
మండపేటలో మా బాబాయి కొన్నాడు దాన్ని,
మూడు రోజుల మైకు సెట్టు కిరాయి పోసి.
ఆ వేసవంతా రాయవరం నుంచి కోటిపల్లి రేవు దాకా
కొబ్బరిచెట్టుకి కట్టిన బాకాలోంచి
పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ,
ఒకసారి ప్రెసిడెంటుగా ఓడిపోయినాయన ఊరేగింపుకీ
మీరే.

నాకప్పుడు పన్నెండేళ్ళు.
నా పని రెండే. సూది తుడవడం,
రెండో చరణంలో మీరు పైకి వెళ్ళేటప్పుడు
వాల్యూమ్ తగ్గించడం.
లేకపోతే బాకా పగిలినట్టు అరిచేది.
"చరణం రా, చెయ్యి!" అని కేకేసేవాడు బాబాయి
వంటపందిట్లోంచి, నోట్లో బూరెతో.

తర్వాతి అట్ట మీద మీ జుట్టు తేనెపట్టులా లేచింది.
చేతుల్లేని జాకెట్టు.
మా అమ్మ దాని మీద పేపరు అతికించి
పాట మాత్రం రోజూ పెట్టమనేది.
కుట్టుమిషను సత్తెవేణి మీ బొమ్మ చూసి
అలాంటివే నాలుగు కుట్టింది.
ఒక్కటీ ఎవరూ పగలు తొడుక్కోలేదు.

కేసెట్ల కాలానికి కళ్ళజోడు వచ్చింది.
అచ్చు సరిగ్గా పడక పెదాల ఎరుపు
చెంప మీదకి జరిగింది.
అదే మీ నవ్వనుకున్నాను చాలా కాలం.

గొంతు కూడా జరిగింది.
లాకులో పడవని చూశారా?
తలుపులు మూసుకున్నాక, నీళ్ళతో సహా
చప్పుడు లేకుండా ఒక మెట్టు దిగుతుంది.
లోపల కూర్చున్నవాళ్ళకి గట్టు పెరిగినట్టుంటుంది.
అలా దిగారు మీరు,
ఐదు శ్రుతి నుంచి నాలుగున్నరకి.
నేను కనిపెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

తుఫాను ఏడు కొట్లోకి మొలలోతు నీళ్ళు.
రికార్డులు కొబ్బరిమట్టల మీద ఎండబెట్టాం, అప్పడాల్లా.
మీ మొదటిది అంచు దగ్గర వంగింది.
అప్పట్నుంచీ మూడో లైనులో మీ గొంతు ఊగుతుంది,
పంటు మీద నిలబడి పాడినట్టు.
ఈమధ్య మా మేనల్లుడు ఫోనులో అదే పాట
ఏ ఊగూ లేకుండా వినిపిస్తే
"ఎవర్రా ఈవిడ, హైమవతి గారిలా పాడుతోంది?" అన్నాను.

సీడీ మీద జుట్టు మరీ నలుపు.
ఆ రెండు మూడేళ్ళ పాటలకీ రంగేసినట్టే ఉంది.
ఏమనుకోకండి,
అభిమానినే గానీ చెవిటివాణ్ణి కాదు.

మొన్న అమలాపురం సన్మానంలో చూశాను.
అంగుళం జుట్టు, తెల్లగా.
జబ్బు తగ్గాక మళ్ళీ మొలిచిందట.
నేతచీర, చెవిలో చిన్న మిషను.
పక్క వరసలో ఎవరో
"అయ్యో, ఎలా ఉండే మనిషి" అన్నారు.
పేరులో ఉన్న మంచు ఇన్నాళ్ళకి తలమీదికొచ్చింది,
ఇందులో అయ్యో ఏముందండీ, అందామనుకున్నాను.
అనలేదు. వాళ్ళింట్లో వచ్చే నెల పెళ్ళి,
మైకు మాదే.

రెండో చరణం వచ్చింది.
చెయ్యి దానంతటదే వాల్యూమ్ మీదకి పోయింది.
మీరు పైకి వెళ్ళలేదు.
ఆ మెట్టు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని,
నువ్వెళ్ళిరా అన్నట్టు
వయొలిన్ కుర్రాడి వైపు తలూపారు.
కిందే ఉండి ఆ ఒక్క మాటనీ
పాడారో, చెప్పారో.
హాల్లో ఫ్యాన్లు తిరగడం వినబడింది.

యాభై ఏళ్ళుగా తగ్గించిన చెయ్యి
ఆ రాత్రి పెంచింది.

అంతా రికార్డు చేశాను.
మేనల్లుడు ఆ ఊపిరి చప్పుడు తీసేస్తానంటాడు,
ఒక్క నిమిషం పనట.
ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతానన్నాను.
అట్ట లేదు దీనికి, ఫొటో లేదు.
తెల్ల కాగితం మీద పెన్నుతో మీ పేరూ తేదీ రాసి,
కింద
"కరెంటు పోలేదు" అని కూడా రాశాను.